సంక్రాంతికి కారులో ఊరెళ్తున్నారా? బయల్దేరే ముందు మెడ సంగతి చూసుకోండి

సంక్రాంతి ముందు రోజుల్లో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారి ఎలా ఉంటుందో ఒక్కసారి వెళ్లినవాళ్లకైనా చెప్పనక్కర్లేదు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల దగ్గర బారులు. బండి కాస్త కదులుతుంది, ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. ఎవరిదో ఫాస్టాగ్‌లో డబ్బుల్లేక లైను ఉన్నట్టుండి నిలిచిపోతుంది. తెల్లవారుజామున బయల్దేరితే దీనికి పొగమంచు తోడు.

ఇలాంటి చోట ఎక్కువగా జరిగేది వెనక నుంచి తగిలే చిన్న గుద్దు. దిగి బంపర్ చూసుకుంటాం, నాలుగు మాటలు అనుకుంటాం, ఎక్కి వెళ్లిపోతాం. తెల్లారి భోగి మంట దగ్గరికి వెళ్దామని లేస్తే మెడ తిరగదు. ఈ దెబ్బనే డాక్టర్లు విప్‌లాష్ అంటారు. వెనక గుద్దుళ్లలోనే ఇది ఎక్కువ. దీన్ని చాలావరకు తప్పించుకోవచ్చు, తగిలినా చాలామంది బాగానే కోలుకుంటారు. ముందు ఏం చేశాం, తగిలిన మొదటి రెండు మూడు రోజుల్లో ఏం చేశాం అన్నదాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

అసలేం జరుగుతుందంటే, వెనక బండి గుద్దగానే సీటు మన వీపును ముందుకు తోస్తుంది. నాలుగున్నర, ఐదు కిలోల బరువుండే తల మాత్రం చెంబు కింద నుంచి గుడ్డ లాగేసినట్టు ఉన్నచోటే ఉండిపోతుంది. ఆ మధ్యలో మెడ నలుగుతుంది. సెకనులో పదో వంతు సేపట్లో మెడ కింది భాగం వెనక్కి, పై భాగం ముందుకు వంగి మెలిక పడుతుంది. కండరాలు బిగుసుకుని కాపాడేలోపే పని అయిపోతుంది. మెడలోని 7 వెన్నుపూసల వెనక ఉండే చిన్న కీళ్లు, వాటి చుట్టూ ఉండే పొరలు, ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు, కండరాలు సాగి దెబ్బతింటాయి. బంపర్‌కి సొట్ట పడలేదు కాబట్టి మెడకేం కాలేదనుకోవడం మాత్రం పొరపాటు. బండికి, మెడకి లెక్కలు వేరు.

బయల్దేరే ముందు ఐదు నిమిషాలు

టైర్లలో గాలి చూసుకుంటాం, పెట్రోలు నింపుకుంటాం. సీటు పైన తల వెనక ఉండే హెడ్‌రెస్ట్ వైపు మాత్రం ఎవరూ చూడరు. చాలా కార్లలో అది షోరూమ్ నుంచి వచ్చినప్పుడు ఎక్కడుందో అక్కడే, అడుగున ఉంటుంది. పొడుగ్గా ఉన్నవాళ్లకు అది మెడ మధ్యకు వస్తుంది. అప్పుడు తల దాని మీద నుంచి ఇంకా వెనక్కి వంగిపోతుంది, ఉన్న రక్షణ కాస్తా ఎదురుదెబ్బ అవుతుంది. అమెరికాలో 1969లోనే కొత్త కార్ల ముందు సీట్లకు హెడ్‌రెస్ట్ తప్పనిసరి చేశారు. అది కునుకు తీయడానికి కాదు, ఈ దెబ్బ తప్పించడానికే.

పక్కనున్న బటన్ నొక్కి పైకి లాగండి. దాని పై అంచు మీ నడినెత్తి ఎత్తుకు రావాలి, కనీసం చెవుల పైభాగం దాటాలి. తలకీ దానికీ మధ్య ఖాళీ ఎంత తక్కువుంటే అంత మంచిది. నాలుగు వేళ్లకు మించి ఉంటే సీటు వీపును కాస్త నిటారు చేయండి. రోడ్డు పక్కన అమ్మే మెత్తటి మెడ దిండ్లు తలను ముందుకు నెట్టేలా ఉంటే తీసి డిక్కీలో పడేయండి. వెనక అద్దంలో రోడ్డు కనబడటం లేదని వెనక సీట్ల హెడ్‌రెస్ట్‌లు పీకేసేవాళ్లున్నారు. అక్కడ కూర్చునేది అమ్మా నాన్నలో, పిల్లలో అయినప్పుడు ఆ పని చేయడం ఎంతవరకు సబబో వాళ్లే ఆలోచించుకోవాలి. వెనక సీట్లోనూ బెల్టు పెట్టుకోవడం చట్టప్రకారం తప్పనిసరి. పక్క సీటు పూర్తిగా వెనక్కి వాల్చి నిద్రపోయేవాళ్లకు బెల్టూ, హెడ్‌రెస్టూ రెండూ సరిగ్గా పనిచేయవు.

లైన్లో ఆగినప్పుడు ముందు బండి వెనక టైర్లు రోడ్డుకు ఆనే చోటు కనబడేంత దూరం ఉంచండి. వెనక నుంచి గుద్దినా ముందుకెళ్లి రెండో దెబ్బ తినకుండా ఉంటారు. వేగంగా వెళ్తూ ఎదురుగా బారు కనబడితే హజార్డ్ లైట్లు వేసి వెనకవాళ్లకు తెలియజేయండి. ఆగాక కూడా బ్రేక్ మీద కాలు ఉంచి, అద్దంలో ఓ కన్నేయండి. వెనక బండి ఆగదని తేలిపోతే వెనక్కి తిరిగి చూడకండి. తల హెడ్‌రెస్ట్‌కి ఆనించి సూటిగా ముందుకు చూడండి. తల పక్కకి తిరిగి ఉండగా తగిలితే దెబ్బ ఎక్కువ.

గుద్దుకున్నాక

అప్పటికప్పుడు నొప్పి లేకపోవడం మామూలే. చాలామందికి కొన్ని గంటల తర్వాతో, మర్నాడో మొదలవుతుంది. మెడ పట్టేయడం, భుజాల దాకా లాగడం, తల వెనక నుంచి మొదలయ్యే తలనొప్పి, కాస్త తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు. ఇవన్నీ ఉండొచ్చు.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఇంటి వైద్యం మాటే వద్దు. చేతులు కాళ్లలో తిమ్మిరి లేదా బలం తగ్గడం, నడక తూలడం, మూత్రం ఆగకపోవడం లేదా రాకపోవడం, మెడ వెనక నడిమధ్య ఎముక మీద నొక్కితే విపరీతమైన నొప్పి, వాంతులు, మగత, మాట తడబడటం, ఒకటి రెండుగా కనబడటం, ఒకవైపు కనురెప్ప వాలిపోవడం. వీటిలో ఏది కనబడినా మెడ కదపకుండా 108కి ఫోన్ చేయండి. మనిషి స్పృహలో లేకపోతే, మంటలూ నీళ్లూ లాంటి ప్రాణాపాయం లేనంతవరకు చేతులు పట్టి బయటికి లాగకండి. మంచి మనసుతో నలుగురూ కలిసి లేపేటప్పుడే వెన్నుపాముకు హాని జరగవచ్చు. 65 ఏళ్లు దాటినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు నొప్పి తక్కువున్నా డాక్టరుకు చూపించుకోవాలి.

ఎక్స్‌రే తీయకపోతే డాక్టరు పట్టించుకోలేదని కొందరు నొచ్చుకుంటారు. కెనడా వైద్యులు 2001లో ప్రచురించిన ఒక నియమం చాలా దేశాల్లో వాడుకలో ఉంది. ప్రమాద సూచనలు లేకుండా, మామూలు వెనక గుద్దుడై, మెడను రెండు వైపులా 45 డిగ్రీలు తిప్పగలిగితే ఎక్స్‌రే అక్కర్లేదు. తీసినా అందులో కండరాలు, లిగమెంట్ల దెబ్బ కనబడదు. అందుకే ‘ఎక్స్‌రే నార్మలే కదా, ఊరికే మూలుగుతున్నావ్’ అని ఇంట్లోవాళ్లు అనకూడదు.

మెడకు పట్టీ వద్దు, విరవడం అసలే వద్దు

పాత అలవాటు కొద్దీ మందుల షాపులో కాలర్ కొని వారాల తరబడి పెట్టుకుంటారు. ఎముక విరగలేదని తేలాక దాని వల్ల మేలు లేదు. కండరాలు బలహీనపడి మెడ ఇంకా బిగుసుకుంటుంది. మంచం పట్టడమూ అంతే. నొప్పి ఉన్నా మామూలు పనులు వీలైనంత చేసుకోవడమే త్వరగా కోలుకునే దారి.

మొదటి ఒకటి రెండు రోజులు ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు పెట్టొచ్చు. తర్వాత వేడి కాపడం హాయిగా ఉంటే అదీ సరే. నొప్పికి ముందు పారాసెటమాల్ చాలు. ఐబుప్రోఫెన్ లాంటివి అల్సర్, కిడ్నీ సమస్యలున్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదు. రోజులో నాలుగైదుసార్లు మెడను మెల్లగా కుడికీ ఎడమకీ తిప్పడం, గడ్డం ఛాతీ వైపు దించడం, చెవిని భుజం వైపు వంచడం, భుజాలు గుండ్రంగా తిప్పడం చేయండి. ఒక్కోటి ఐదుసార్లు చాలు. కాస్త లాగినట్టుంటే భయం లేదు. చేతిలోకి జివ్వుమని పాకితే ఆపండి. పడుకునేటప్పుడు రెండు దిండ్లు వేసుకోకండి, బోర్లా పడుకోకండి.

పండక్కి ఊళ్లో ఉంటే ఒక ప్రమాదం ఎదురుచూస్తుంటుంది. ‘నరం పట్టింది, ఒక్క తిప్పుతో పోతుంది’ అనే పెద్దమనిషి ప్రతి వీధిలో ఉంటారు. సెలూన్లో తల పట్టుకుని టక్కున విరిచేవాళ్లూ ఉన్నారు. దెబ్బ తగిలిన మెడను అలా విరిస్తే మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం చిరిగి పక్షవాతం రావచ్చు. అమ్మమ్మ నువ్వుల నూనెతో భుజాలకు మెల్లగా రాస్తే రాయించుకోండి, మెడ తిప్పనివ్వకండి. మేనల్లుళ్లను భుజాల మీద ఎక్కించుకోవడం, ధాన్యం బస్తాలు ఎత్తడం ఈసారికి మానండి.

చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నెలల్లోపు తగ్గుతుంది. కొందరికి ఏడాది దాకా లాగుతుంది. మొదట్లోనే నొప్పి విపరీతంగా ఉన్నవాళ్లకు, ఇక తగ్గదేమోనని బెంగపెట్టుకున్నవాళ్లకు ఆలస్యం కావచ్చు. రెండు మూడు వారాలైనా మెరుగు కనబడకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాలి.

ఆసుపత్రికి వెళ్తే ఎలా తగిలిందో, ఎప్పుడు తగిలిందో చీటీలో రాయించుకోండి. రేపు ఇన్సూరెన్స్ అడిగేది ఆ కాగితమే. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో 7 రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందుతుంది.

తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ పట్టే ముందు భుజం మీదుగా వెనక్కి తిరిగి చూడగలుగుతున్నారో లేదో ఇంటి ముందే చూసుకోండి. తిరగకపోతే తాళాలు బామ్మర్దికివ్వండి, లేదా రైలెక్కండి. పండగ తర్వాత టికెట్లు దొరకడం మాత్రం ఇంకో కథ.