మంచు కాలంలో డిష్ ఇంటర్నెట్ ఆగితే: నిచ్చెన వేసే ముందు

అమెరికాలోని ఉత్తర మిన్నెసోటా పల్లెల్లో ఫైబర్ తీగ రాని ఇళ్లకు డిష్ ఇంటర్నెట్టే దిక్కు. జనవరిలో అది ఆగగానే అందరి చూపూ ఇంటి కప్పు మీదికే పోతుంది. మంచు గడ్డకట్టిన కప్పు ఎక్కడం చివరికి కూడా చేయకూడని పని. ముందు ఫోను తీయండి. ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ వాడేవారు ఇంటి వైఫైలో ఉంటే చాలు, ఇంటర్నెట్ లేకపోయినా యాప్ డిష్‌తో మాట్లాడుతుంది. లోపం ఆకాశం వైపు ఉందా, తీగలో ఉందా, ఇంట్లోనే ఉందా అన్నది సగం అక్కడే తేలిపోతుంది.

మంచు కురిసేటప్పుడే ఆగుతోంది

అన్ని మంచులూ ఒకటి కావు. మైనస్ 15 డిగ్రీల సెల్సియస్‌లో పడే పిండిలాంటి పొడి మంచు సిగ్నల్‌ను పెద్దగా అడ్డుకోదు. ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు పడే తడి మంచుతోనే చిక్కు. అందులోని నీరు సిగ్నల్‌ను పీల్చేస్తుంది, పైగా డిష్‌కు అతుక్కుంటుంది.

యాప్ సెట్టింగుల్లో, డిష్ తానే వేడెక్కి మంచు కరిగించే అమరిక ఉంటుంది: ఆటోమేటిక్, ప్రీహీట్, ఆఫ్. మామూలుగా ఆటోమేటిక్ చాలు. తడి మంచు తుపాను వస్తోందని వాతావరణ శాఖ చెబితే ముందు రాత్రే ప్రీహీట్‌కు మార్చండి. పేరుకున్నాక కరిగించడం కన్నా పేరుకోనివ్వకపోవడమే తేలిక. తుపాను వెళ్లగానే మళ్లీ ఆటోమేటిక్‌కు తేవాలి, లేకపోతే చలికాలమంతా కరెంటు ఊరికే కాలుతుంది.

వేడి పనిచేస్తున్నా సిగ్నల్ రాకపోతే డిష్ కింది అంచు చూడండి. పైనుంచి కరిగిన నీరు అక్కడ మళ్లీ గడ్డకట్టి, చూరుకు వేలాడే మంచు కడ్డీల్లా పెరుగుతుంది. నేల మీద పెట్టిన డిష్‌కైతే చుట్టూ పేరుకున్న మంచే ముఖం దాకా ఎక్కి వస్తుంది. అలాంటిదాన్ని స్తంభం మీదికి మార్చక తప్పదు. మంచు దులపాలంటే కింద నిలబడి, పొడవాటి కర్రకు కట్టిన మెత్తని కుంచెతో తోయండి. వేడినీళ్లు పోయవద్దు, కారు అద్దం గీకే పనిముట్టుతో గీకవద్దు.

35,786 కిలోమీటర్ల ఎత్తున కదలకుండా కనిపించే ఉపగ్రహాన్ని చూసే పాత గిన్నె డిష్‌లకు సాధారణంగా ఈ వేడి ఉండదు. గిన్నెలో మంచు నిండితే సిగ్నల్ చేరవలసిన చోటికి చేరదు. గిన్నెతో పాటు, దాని ముందుకు చాచిన కడ్డీ కొసన సిగ్నల్ అందుకునే ముక్కనూ తుడవాలి. చాలామంది దాన్ని మరిచిపోతారు.

ఆకాశం నిర్మలం, అయినా కొన్ని నిమిషాలకోసారి తెగుతోంది

ఇది చెట్ల పని. స్టార్‌లింక్ ఉపగ్రహాలు దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తున పరుగెడుతుంటాయి కాబట్టి డిష్‌కు ఆకాశంలో పెద్ద మేర కనిపించాలి. పైన్ కొమ్మలు మంచు బరువుకు వంగి అందులోకి చొరబడతాయి. యాప్‌లోని అడ్డంకుల పటం ఏ దిక్కున ఉందో చూపిస్తుంది. కొమ్మ దులిపితే సరిపోవచ్చు, లేదంటే నరకాలి. ఆకులు రాల్చే చెట్ల సంగతి తిరగబడుతుంది: జనవరిలో మేపుల్ వెనక బిగించిన డిష్ బాగానే పనిచేసి, మే నెలలో మొరాయిస్తుంది.

డిష్ తనంతట తానే ఆగి, మళ్లీ మొదలవుతోంది

వేడి మొదలైనప్పుడే ఇలా జరిగితే కరెంటు చాలడం లేదని అనుమానించండి. సన్నని పొడుగాటి ఎక్స్‌టెన్షన్ తీగ, చలికి నీరసించిన బ్యాటరీ సాధారణ కారణాలు. గోడ సాకెట్‌కు నేరుగా పెట్టి చూడండి. తేడా లేకపోతే ప్లగ్ తీసి, కేబుల్ రెండు కొసలూ పూర్తిగా లోపలికి దిగాయా, తడి చేరిందా చూడాలి. వెచ్చదనం కోసం ఇంట్లో దూరిన ఎలుకలు కేబుల్ కొరకడం ఇక్కడ మామూలే. కొరికిన కేబుల్‌కు టేపు చుట్టి కాలం గడపకండి, మార్చేయండి. గట్టి చలిలో కేబుల్ బిర్రబిగుస్తుంది. అప్పుడు వంచితే పైతొడుగు పగలవచ్చు, కాస్త ఎండ వచ్చిన రోజు చూసుకోండి.

రాత్రిళ్లే నెమ్మది

మంచుకు దీనితో సంబంధం లేదు. చుట్టుపక్కల అందరూ వీడియోలు చూసే రద్దీ వేళ అది. మన తెలుగువాళ్ల ఇళ్లకు ఇది గట్టిగా తగులుతుంది, ఎందుకంటే చలికాలంలో మిన్నెసోటా రాత్రి 9 అంటే హైదరాబాద్‌లో మర్నాడు ఉదయం 8:30, ఊరికి ఫోన్ చేసే వేళ. ఉదయం 7కు చేస్తే అక్కడ సాయంత్రం 6:30 అవుతుంది, లైన్ ఖాళీగా ఉంటుంది.

యాప్‌లో డిష్ బాగానే ఉండి, పగలు కూడా ల్యాప్‌టాప్ మాత్రమే నత్తనడక నడిస్తే రౌటర్ పక్కన నిలబడి చూడండి. అక్కడ వేగం వస్తే బయటికి వెళ్లే పనే లేదు, రౌటర్‌ను బేస్‌మెంట్ నుంచి పైకి తెచ్చుకోండి.