స్ప్రింగ్‌లో యూరప్ రివర్ క్రూజ్: ఏ వారం, ఏ నది, ఎలా తేల్చుకోవాలి

రివర్ క్రూజ్ బ్రోచర్లు నాలుగు పక్కపక్కన పెట్టుకుని చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కొండమీద ఒక కోట, ఒక చర్చి, డెక్ మీద గ్లాసు పట్టుకుని నవ్వే జంట. దాంతో చాలామంది ఏ ఆఫర్ పెద్దగా ఉంటే అది బుక్ చేసేస్తారు. వేసవిలో వెళ్ళేవాళ్ళకి అది చెల్లుతుందేమో గానీ స్ప్రింగ్‌కి చెల్లదు, మార్చి చివర్లో చూసిన నది మే రెండో వారంలో చూస్తే గుర్తుపట్టలేనంత మారిపోయి ఉంటుంది మరి. కాబట్టి ముందు మీకు ఏ వారం కుదురుతుందో తేల్చుకోండి, ఆ వారానికి ఏ నది సరిపోతుందో చూడండి, తర్వాత ఐటినరీలో రోజువారీ టైమింగులు తీసి చదవండి. కంపెనీ, కేబిన్, రేటు ఇవన్నీ ఆ తర్వాత సంగతి.

టులిప్స్ కోసమే వెళ్ళాలనుకుంటే మీ చేతిలో ఉన్న టైమ్ చాలా తక్కువ. నెదర్లాండ్స్‌లో లిస్సె ఊరి దగ్గరున్న క్యూకెన్‌హాఫ్ తోట మార్చి మూడో వారంలో తెరిచి మే రెండో వారానికల్లా మూసేస్తారు, ఏడాది మొత్తంలో తెరిచేది ఆ ఎనిమిది వారాలే. 32 హెక్టార్లలో ఏటా 70 లక్షల దుంపలు నాటుతారు, ముందు పూసేవి, తర్వాత పూసేవి కలిపి నాటుతారు కాబట్టి తోటలో ఎప్పుడెళ్ళినా ఏదో ఒకటి పూసే ఉంటుంది, మార్చిలో అయితే క్రోకస్‌లు, డాఫోడిల్స్ ఎక్కువ. కానీ బయట రంగురంగుల చారల్లా కనిపించే పొలాలున్నాయే, అవి వేరే లెక్క. ఆ రైతులు అమ్ముకునేది దుంపల్ని, పూలని కాదు, అందుకని పువ్వు విచ్చుకున్న కొద్ది రోజులకే మిషన్ పెట్టి తలలు కోసేస్తారు, బలమంతా దుంపకి పోవాలని. మే మొదటి వారంలో వెళ్ళి పొలాలన్నీ పచ్చగా బోసిగా ఉన్నాయేంటి అని నిరాశపడేవాళ్ళు ఏటా ఉంటారు. చలి ఎలా ఉందన్న దాన్ని బట్టి ముందు వెనకలవుతుంది గానీ, ఏప్రిల్ రెండో సగం అయితే చాలావరకు సేఫ్.

ఇక్కడే ఇంకో తిరకాసుంది. ఏప్రిల్ 27 నెదర్లాండ్స్‌లో కింగ్స్ డే, ఆ రోజు ఆదివారం పడితే 26నే చేస్తారు. ఆమ్‌స్టర్‌డామ్ మొత్తం ఆరెంజ్ బట్టలతో నిండిపోతుంది, కాలవల్లో పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతుంటాయి, సెంటర్‌లో ట్రామ్‌లు సరిగ్గా నడవవు. సందడి ఇష్టమైతే అంతకంటే మంచి రోజు లేదు, లేదంటే మాత్రం ఆ రోజు సూట్‌కేసు లాక్కుంటూ ఓడ ఎక్కే పరిస్థితి పెట్టుకోకండి, రెండు రోజులు అటో ఇటో జరపండి.

టులిప్ సీజన్‌లో ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రెండు రకాల ట్రిప్పులు అమ్ముతారు. ఒకటి హాలండ్, బెల్జియం నీళ్ళ మీదే తిరిగేది, కిండర్‌డైక్‌లో 19 గాలిమరలు, ఆంట్‌వెర్ప్, ఘెంట్, అక్కణ్ణుంచి బస్సులో బ్రూజ్. రెండోది రైన్ మీద స్విట్జర్లాండ్‌లోని బాజెల్ దాకా వెళ్ళేది. పూల మీద నిజంగా పిచ్చి ఉంటే మొదటిది తీసుకోండి, అందులో తోటకి ఒక పూట మొత్తం ఇస్తారు. రెండోదాంట్లో క్యూకెన్‌హాఫ్ ప్యాకేజీలోనే ఉందా, విడిగా డబ్బు కట్టాలా, లేక ఓడ ఎక్కడానికి ఒక రోజు ముందే వచ్చి మీ అంతట మీరు చూసుకోవాలా అన్నది రాసి ఉంటుంది, అది చదవకుండా పూల ఫోటో చూసి టికెట్ కొనొద్దు.

ఇక రైన్. ఈ నదిలో అసలు చూడాల్సింది కొబ్లెంజ్‌కీ రూడెస్‌హైమ్‌కీ మధ్య 65 కిలోమీటర్ల లోయ, 2002లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది, రెండు వైపులా వరసగా కోటలు, మధ్యలో 132 మీటర్ల లోరెలై కొండ. మిగతా రైన్‌లో చాలా భాగం గట్లు, ఫ్యాక్టరీలు, సరుకు ఓడలు, ఉన్నమాట చెప్పాలిగా. అందుకే ఈ లోయని పగలు దాటుతారా రాత్రి దాటుతారా అన్నదే మొత్తం ట్రిప్‌కి ప్రాణం. ఐటినరీలో ఆ రోజు లైన్ ఇలా ఉందనుకోండి: కొబ్లెంజ్ నుంచి బయల్దేరేది 13.00, రూడెస్‌హైమ్ చేరేది 18.30. బాగుంది, మధ్యాహ్నం భోంచేసి డెక్ ఎక్కి కూర్చోవచ్చు. అదే బయల్దేరేది 22.00, చేరేది తెల్లవారుజామున 4.00 అని ఉంటే మీరు నిద్రపోతుండగా కోటలన్నీ వెనక్కి వెళ్ళిపోతాయి. ఏటికి ఎదురు వెళ్ళే ఓడకి గంటో గంటన్నరో ఎక్కువ పడుతుంది, చూడ్డానికైతే అది లాభమే. యూరప్‌లో గడియారాలు గంట ముందుకి జరిపేది మార్చి ఆఖరి ఆదివారం, అప్పటిదాకా సాయంత్రం ఏడు లోపే పొద్దు గూకుతుంది, ఏప్రిల్ చివరికి ఎనిమిదిన్నర దాటినా వెలుతురుంటుంది, ఈ లెక్క కూడా పెట్టుకోండి. ఇంకోటి, బ్రోచర్‌లో కొండల మీద పచ్చగా కనిపించే ద్రాక్షతోటలు ఏప్రిల్‌లో ఉత్త మోడులే, ఆకు పట్టేది మేలో.

ఫస్ట్ టైమ్ వెళ్ళేవాళ్ళు ఎవరడిగినా నేను డాన్యూబ్ అనే చెప్తాను, జర్మనీలోని పసావ్ నుంచి బుడాపెస్ట్ దాకా ఏడు రాత్రులది. వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్ మూడు రాజధానులు నది పక్కనే తగులుతాయి, మధ్యలో మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా 36 కిలోమీటర్ల వాఖౌ లోయ వస్తుంది. మార్చి చివర నుంచి ఏప్రిల్ సగం దాకా అక్కడ ఆప్రికాట్ చెట్లు తెల్లగా పూస్తాయి, ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ని 1192లో బంధించిన డ్యూర్న్‌స్టైన్ కోట శిథిలాలు ఆ పూల పైనే కనిపిస్తాయి. రైన్‌కి చెప్పిందే దీనికీ వర్తిస్తుంది, వాఖౌని పగలే దాటాలి. ఈస్టర్‌కి ముందు రెండు మూడు వారాలు వియన్నాలో ఈస్టర్ మార్కెట్లు పెడతారు, రంగులద్దిన గుడ్లు వేలల్లో పేర్చి అమ్ముతారు, క్రిస్మస్ మార్కెట్లంత రద్దీ ఉండదు. కాకపోతే ఈస్టర్ ఆదివారం, సోమవారం, మే 1న షాపులు మూసేస్తారు, షాపింగ్ ప్లాన్లున్న వాళ్ళు చూసుకోండి.

డాన్యూబ్‌లో ఎటు నుంచి ఎటు వెళ్ళాలి అంటే, నా ఓటు బుడాపెస్ట్‌లో ముగిసేదానికే. పసావ్ చిన్న ఊరు, మూడు నదులు కలిసే చోటు, జెట్ లాగ్‌తో దిగినా నెమ్మదిగా తేరుకోవచ్చు. చివరి రాత్రి చీకటి పడ్డాక లైట్లు వేసిన పార్లమెంటు భవనం ముందు నుంచి ఓడ వెళ్తుంది చూడండి, దాని కోసం డిన్నర్ మధ్యలో లేచి పైకి పరిగెత్తినా తప్పులేదు. ఆ టైమింగ్ కూడా ఐటినరీలో చెక్ చేయండి, కొన్ని ఓడలు మధ్యాహ్నమే చేరిపోతాయి, అలాంటప్పుడు రాత్రి ఒక రౌండ్ కొడతారా అని అడగండి.

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బుడాపెస్ట్ దాకా పద్నాలుగు రాత్రుల ట్రిప్ కూడా ఉంది. రైన్, మైన్ నదుల మీదుగా వచ్చి బాంబెర్గ్ దగ్గర 171 కిలోమీటర్ల కాలవ ఎక్కి కెల్‌హైమ్‌లో డాన్యూబ్‌లోకి దిగుతుంది. ఆ కాలవ 1992లో పూర్తయింది, 16 లాకులు (నీళ్ళు నింపి ఓడని పైకి లేపే గేట్ల గదులు), సముద్రమట్టానికి 406 మీటర్ల ఎత్తుకి ఓడని మెట్లు మెట్లుగా ఎక్కిస్తారు. లాకు వెడల్పు 12 మీటర్లు, ఓడ వెడల్పు 11.4, అంటే అటు ఇటు జానెడు చొప్పున మిగులుతుంది. వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయని పై డెక్ మూసేసి, కుర్చీలు మడిచేసి, కెప్టెన్ కూర్చునే గదిని కూడా కిందికి దించేస్తారు. ఇలాంటివి చూడ్డం ఇష్టమైతే రెండు వారాలు ఇట్టే గడిచిపోతాయి, ఊళ్ళు చూడ్డానికే వచ్చామనుకునేవాళ్ళకి మాత్రం మధ్యలో విసుగొస్తుంది, వాళ్ళకి ఏడు రాత్రులు చాలు.

ఫ్రాన్స్ సంగతికొస్తే సెన్ నది మీద ప్యారిస్, రువాన్, నార్మండీ రూట్ మేలో బాగుంటుంది. జివెర్నీలో చిత్రకారుడు మొనే ఇల్లు, తోట ఏప్రిల్ 1న తెరుస్తారు, అంతకుముందు వారం బుక్ చేస్తే గేటు చూసి రావడమే. ఏప్రిల్‌లో టులిప్స్, మేలో ఐరిస్‌లు, వంతెన మీద విస్టీరియా ఉంటాయి, ఆయన బొమ్మలేసిన ఆ ఫేమస్ కలువలు మాత్రం వేసవిలోనే పూస్తాయి. రోన్ నది మీద ప్రోవాన్స్ వెళ్ళేవాళ్ళలో సగం మంది లావెండర్ కోసమే వెళ్తారు, లావెండర్ జూన్ చివర్లో గానీ పూయదు, పైగా స్ప్రింగ్‌లో మిస్ట్రాల్ అనే చలిగాలి చెవులు పగిలేలా కొడుతుంది. అవిన్యోన్‌లో ఒకప్పుడు పోప్‌లు ఉన్న కోట, పోన్ దు గార్ అనే రోమన్ల నాటి నీటి వంతెన చూడాలనుంటే వెళ్ళండి, పూల కోసం వద్దు. పోర్చుగల్‌లో డౌరో వీటన్నిటికంటే వెచ్చగా ఉంటుంది, వేసవిలో అక్కడ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలలే సుఖం. డౌరోలో ఓడలు రాత్రి కదలవు, లోయంతా పగలే చూస్తారు, కరపతేలో అనే లాకు ఒక్కటే ఓడని 35 మీటర్లు ఎత్తుతుంది. డౌరో చూసినవాళ్ళు మిగతా నదుల గురించి అంత గొప్పగా మాట్లాడరు, చూస్తుండండి.

నీళ్ళ గురించి ఎవరూ ముందు చెప్పరు. స్ప్రింగ్‌లో ఆల్ప్స్ మంచు కరిగి, దానికి వానలు తోడైతే నది పొంగుతుంది, ఒక గుర్తు దాటితే అధికారులు ఓడలు ఆపేస్తారు, గుర్తు దాటకపోయినా వంతెనల కింద దూరడానికి ఎత్తు చాలదు. నీళ్ళు తగ్గిపోవడం అనేది ఎక్కువగా వేసవి చివర్లో, శరదృతువులో వచ్చే బాధ, 2018 అక్టోబర్‌లో రైన్ మీద కౌబ్ అనే ఊరి దగ్గర నీటిమట్టం గేజి 25 సెంటీమీటర్లకి పడిపోయింది. కానీ 2025లో వానలు లేక స్ప్రింగ్‌లోనే రైన్‌లో నీళ్ళు బాగా తగ్గాయి, కాబట్టి గ్యారంటీ ఏమీ లేదు. డాన్యూబ్‌లో స్ట్రౌబింగ్, విల్స్‌హోఫెన్ మధ్య డ్యామ్‌లు లేని ముక్క అన్నిటికంటే ముందు ఇబ్బంది పెడుతుంది, పసావ్ నుంచి కిందికి వెళ్ళే ట్రిప్ ఆ ముక్క జోలికే పోదు, ఫస్ట్ టైమ్ వాళ్ళకి దాన్నే చెప్పడానికి అది కూడా ఒక కారణం. సెన్‌లో లాకులున్నాయి కాబట్టి నీళ్ళు తక్కువయ్యే గొడవ బాగా తక్కువ. ఓడ కదలకపోతే బస్సులో తిప్పుతారు, లేదా అవతల ఆగిన ఇంకో ఓడలోకి మారుస్తారు, ఇలా జరిగితే డబ్బు వాపసు ఎంత అన్నది బుకింగ్ షరతుల్లో చదివి, ఇన్సూరెన్స్‌లో కూడా అది కవర్ అవుతుందో లేదో కనుక్కోండి.

ఐటినరీలో ఊరి పేరుంటే ఓడ ఆ ఊళ్ళోనే ఆగుతుందని అనుకోకండి. ప్రాగ్ ఈ నదుల మీద లేనే లేదు, సాల్జ్‌బర్గ్ కూడా డాన్యూబ్ మీద లేదు, రెండూ బస్సు ప్రయాణాలే. రువాన్ నుంచి నార్మండీ బీచ్‌లకి వెళ్ళి రావడం ఒక రోజంతా పడుతుంది. నురెంబర్గ్‌లో రేవు ఊరికి దూరంగా కాలవ మీద ఉంటుంది. వియన్నాలో చాలా ఓడలు రైష్‌బ్రుకె వంతెన దగ్గర ఆగుతాయి, అక్కణ్ణుంచి సెంటర్‌కి మెట్రోలో వెళ్ళాలి. బస్సులో కూర్చునే గంటలు అన్నీ కలిపి ఒక కాగితం మీద రాసుకుంటే, రెండు ఐటినరీల్లో ఏది మీకు సరిపోతుందో అప్పుడే తెలిసిపోతుంది, ముఖ్యంగా పెద్దవాళ్ళని వెంట తీసుకెళ్తుంటే.

కేబిన్ విషయంలో బాల్కనీకి మరీ ఎక్కువ డబ్బు పోయొద్దు, రద్దీ రేవుల్లో ఓడలని పక్కపక్కన కట్టేస్తారు, కర్టెన్ తీస్తే పక్క ఓడ గది కనిపిస్తుంది. ఏప్రిల్ చలిలో కూర్చునేది ఎలాగూ లాంజ్‌లోనే. కింది డెక్‌లో కిటికీ నీటిమట్టానికి కొంచెం పైన ఉంటుంది, తెరుచుకోదు, కానీ రేటులో చాలా తేడా ఉంటుంది. రేట్లు పోల్చేటప్పుడు ఎక్స్‌కర్షన్లు, డ్రింక్స్, టిప్స్ కలిపినవేనా అని చూడండి, టిప్స్ విడిగా అంటే మనిషికి రోజుకి 10 నుంచి 15 యూరోలు పడుతుంది.

వీసా కావాల్సిన వాళ్ళకి చివరిగా ఒక మాట. ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) అప్లై చేయాలి, సమానంగా ఉంటే ముందు అడుగుపెట్టే దేశానికి, ఓడ రాత్రి ఎక్కడ ఆగుతుందో లెక్కేసుకోవాలి కాబట్టి కంపెనీ దగ్గర రోజువారీ పోర్ట్ లిస్టు రాతపూర్వకంగా తీసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. బుడాపెస్ట్ దాటి బెల్‌గ్రేడ్ వైపు వెళ్ళే ట్రిప్ అయితే సెర్బియా షెంగెన్‌లో లేదు, బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి రావాలి, మల్టిపుల్ ఎంట్రీ అడగండి.