పంచాయతీ పనుల్లో ఆరోగ్యం లెక్క: ఎస్టిమేట్ వేయకముందే చూసుకోవాల్సినవి

రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు చెందిన అంశాలు 29. ఆరోగ్యం, పారిశుధ్యం అందులో 23వది. కానీ ఊళ్లో విరేచనాలు, జ్వరాలు తగ్గాలా పెరగాలా అన్నది తేల్చేవి ఎక్కువగా మిగతా అంశాలే: నీళ్లు, రోడ్లు, ఇళ్లు, అంగళ్లు. 2013లో హెల్సింకీలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సు ప్రభుత్వాలకు చెప్పిందీ ఇదే: ఏ శాఖ విధానమైనా ఆరోగ్యం చూసుకునే చేయాలని. ఊరి స్థాయిలో దానికి అదను ఒక్కటే, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) ఎస్టిమేట్ వేయకముందు. పని కొలతలు రాసే ఎం-బుక్ ఎక్కాక ఎవరు మొత్తుకున్నా సిమెంటు కరగదు.

గ్రామసభకు నెల ముందే ఏఎన్ఎంను, ఆశాను కూర్చోబెట్టి గడిచిన 12 నెలల విరేచనాలు, కామెర్లు, జ్వరాల కేసులు రాయించండి. పేర్లు వద్దు, వీధి, నెల చాలు. ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకున్నవాళ్లు సర్కారు రిజిస్టరులో ఉండరు కాబట్టి ఆశా నోటి లెక్క కూడా తీసుకోండి. వాటిని ఊరి పటం మీద చుక్కలుగా పెట్టి, పైపులైన్లు, వాల్వులు, కాల్వలు గీసి, అభివృద్ధి ప్రణాళికలో అనుకున్న పనులు వేరే రంగులో గుర్తించండి. చుక్కలు ఒక వీధిలో, పనులు ఇంకో వీధిలో ఉంటే జాబితా ఎలా తయారైందో వేరే చెప్పక్కర్లేదు.

ఎక్కువగా కొంప ముంచేది పనుల వరస. ముందు సీసీ రోడ్డు, తర్వాత సైడు కాల్వ, ఆఖర్న కుళాయి పైపు. రోడ్డు పగలగొట్టడం ఎందుకని పైపును కాల్వలోంచే లాగేస్తారు. నీళ్లు వదిలినంతసేపూ జాయింటు లీకైనా మురుగు లోపలికి రాదు, ఒత్తిడి బయటికి తోస్తుంది. వాల్వు కట్టగానే పైపు ఖాళీ అవుతూ అదే జాయింటు దగ్గర మురుగును పీల్చుకుంటుంది. మర్నాడు మొదటి బిందెలో పడేది అదే. అందుకే వరస తిరగేయాలి: ముందు పైపు, తర్వాత కాల్వ, చివర రోడ్డు. పైపు ఒక పక్క, కాల్వ ఎదురు పక్క. దాటక తప్పని చోట పైపు మురుగుకు తగలకుండా కాల్వ పైనుంచే, కేసింగు పైపులో (రక్షణగా తొడిగే పెద్ద పైపులో), ఆ నిడివిలో జాయింటు లేకుండా వెళ్లాలి. తీర్మానంలో ఈ మాట రాయండి: "పైపులైను పరీక్ష పూర్తయినట్టు కార్యదర్శి, ఏఈ సంతకం చేశాకే రోడ్డు పని మొదలుపెట్టాలి."

పాత రోడ్డు మీదే కొత్త కాంక్రీటు పోస్తే గడపలు కిందికి పోయి వాన నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. కాల్వ ఎస్టిమేట్‌లో నీరు చివరికి ఎక్కడికి పోతుందో లేకపోతే వెనక్కి పంపండి. ఎటూ పోని కాల్వ దోమల తొట్టి. గుడ్డు దోమయ్యేందుకు వారం పది రోజులు చాలు.

ట్యాంకు కడితే క్లోరినేషన్ ఖర్చు కూడా అదే తీర్మానంలో పెట్టాలి. తేట నీటికి వెయ్యి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు కావాలి. 40,000 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. రోజుకు రెండుసార్లు నింపితే నెలకు 6 కిలోలు. ప్లాస్టిక్ బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి వాల్వు తిప్పాలి. పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, లైను చివరి కుళాయి దగ్గర: అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చవకని 25 కిలోల బస్తా తెస్తే అది నాలుగు నెలలొస్తుంది, ఈలోగా చెమ్మకు పౌడరులో పస పోతుంది. రెండో నెల నుంచి వేసేది సగం సున్నమే.

అంగడి లైసెన్సులకు కూడా ఇదే చూపు. బడికి 100 గజాల లోపు పొగాకు అమ్మకం చట్టరీత్యా నిషిద్ధం. లైసెన్సు ఇచ్చేటప్పుడే టేపు పట్టి కొలిచి, ఆ షరతు కాగితంలో రాయండి. ఉపాధి హామీ పనులకు నీడ, నీళ్ల కుండ ఎవరు చూస్తారో పని మొదలయ్యే రోజే పేరు పెట్టండి.

ఆఖరి బిల్లుకు ముందు ఏఎన్ఎంతో కలిసి ఒకసారి నడవాలి. వాల్వు కట్టి, మళ్లీ వదిలి, చివరి కుళాయిలో మొదటి చెంబు నీళ్లు పట్టి చూడాలి. రంగు, వాసన తేడాగా ఉంటే బిల్లు ఆపి, ఆ లైను తవ్వించండి.