పొక్లెయిన్ చైన్ మార్చడం, బాగు చేయడం: నల్లరేగడిలో ఒక తీరు, క్వారీలో ఇంకో తీరు

చైన్ ఊడిందన్నా, అరిగిందన్నా మన వైపు మొదట వెతికేది సమ్మెటను. దానికంటే ముందు టేపు తీయండి. 20 టన్నుల బండికి నేలకు ఆనే ప్లేట్లతో కలిపి చైన్ ఒక్కో వైపు టన్నుకు పైనే బరువుంటుంది, రెండు వైపులా కొత్తది వేయాలంటే ఖర్చు లక్షల్లోకి పోతుంది. అంత పని పెట్టుకునే ముందు పోయింది చైనా, రోలరా, లేక టెన్షన్ (చైన్ బిగువు) ఒక్కటేనా అన్నది తేల్చుకోవాలి.

కొలవడం కష్టమేమీ కాదు. పాత పిన్ ఒకటి స్ప్రాకెట్ (చైన్‌ను తిప్పే పళ్ల చక్రం) పళ్ల మధ్య పెట్టి, బండిని నిదానంగా వెనక్కి కదిపితే పైనున్న చైన్ బిగుసుకుంటుంది. ఇంజిన్ ఆపేసి, ఒక పిన్ అంచు నుంచి దాని తర్వాత నాలుగో పిన్ అదే అంచు వరకు టేపు పట్టండి, మాస్టర్ పిన్ (చైన్ రెండు కొసలను కలిపే పిన్) మాత్రం ఆ మధ్యలో రాకూడదు. 190 మి.మీ. పిచ్ (ఒక పిన్ నుంచి పక్క పిన్‌కు ఉండే దూరం) ఉన్న చైన్ అయితే కొత్తప్పుడు ఈ నాలుగు లింకులు కలిపి 760 మి.మీ. ఉంటాయి. ఇప్పుడు అంతకంటే ఎంత ఎక్కువ వస్తే లోపల పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ అంత అరిగినట్టు. ఎంతవరకు నడపొచ్చో మీ బండి మాన్యువల్లో ఉంటుంది, ఆ హద్దునే పట్టుకోండి.

ఇంకో మాట. చైన్ సాగిందని ఒక లింకు తీసేసి మళ్లీ కలిపే పద్ధతి చాలాచోట్ల ఉంది. దానివల్ల చైన్ పొడవు తగ్గుతుందే కానీ పిన్నుకీ పిన్నుకీ మధ్య పెరిగిన దూరం అలాగే ఉండిపోతుంది, బుష్ వెళ్లి స్ప్రాకెట్ పన్ను కొనమీద కూర్చుంటుంది, రోజూ కొద్దికొద్దిగా ఆ పన్నును తినేస్తుంది. కూర్చుని ఒకసారి ఆ పళ్లు చూడండి: కొత్త పన్ను కొన మొద్దుగా, రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అరిగినది సన్నబడి ఒక పక్కకు వంగి ఉంటుంది. అలాంటి స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేశారంటే కొత్త బుష్షులు కూడా తొందరగా పోతాయి. రెండూ కలిపే మార్చండి.

ఇక టెన్షన్. నంద్యాల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు నల్లరేగడిలో, కె.సి. కెనాల్ కింద తడి పొలాల్లో చేసే బండికీ, బేతంచెర్ల, తాడిపత్రి రాతి క్వారీల్లో చేసే బండికీ ఒకే బిగువు పనికిరాదు. రేగడి మట్టి స్ప్రాకెట్ పళ్ల మధ్య, రోలర్ల చుట్టూ ఇరుక్కుని చైన్‌ను దానంతటదే బిగించేస్తుంది, కాబట్టి అక్కడ కాస్త వదులుగా ఉంచాలి. రాతి మీద వదులుగా వదిలితే మలుపులో చైన్ ఊడుతుంది, అక్కడ సరిగ్గా మాన్యువల్ లెక్కకు ఉండాలి. కొలిచే తీరు కంపెనీని బట్టి మారుతుంది. 20 టన్నుల బండ్లలో కొన్నింటికి ముందరి ఐడ్లర్ (చైన్ తిరిగే ముందు చక్రం) నుంచి టాప్ రోలర్ (పై చైన్‌ను మోసేది) వరకు చైన్ మీద తిన్నటి కట్టె పెట్టి మధ్యలో ఎంత సందు ఉందో చూస్తారు, అది 10 నుంచి 30 మి.మీ. ఉండాలి. కొన్ని కంపెనీలు ఆ వైపు చైన్‌ను నేల మీద నుంచి లేపి కింద వేలాడే భాగాన్ని కొలవమంటాయి. రెండింటి అంకెలు కలపొద్దు.

రేగడిలో పని చేసిన రోజు సాయంత్రమే, మట్టి తడిగా ఉండగానే, పార పెట్టి గీకేయించండి. తెల్లారేసరికి అది ఇటుకలా గట్టిపడి రోలర్‌ను తిరగనివ్వదు, తిరగని రోలర్ మీద చైన్ రుద్దుకుని ఆ రోలర్ ఒక పక్క చదునుగా అరుగుతుంది.

ఇప్పుడు చెప్పేది మాత్రం దయచేసి మీ హెల్పర్లకు కూడా చదివి వినిపించండి. చైన్ వదులు చేయాలంటే ఫ్రేమ్ పక్కనున్న మూత తీసి లోపలి గ్రీజు వాల్వ్‌ను తిప్పాలి. ఐడ్లర్‌ను ముందుకు నెట్టి చైన్‌ను బిగించేది ఆ గ్రీజే, అందుకే అది చాలా పెద్ద ఒత్తిడి మీద ఉంటుంది. చిన్నగా, ఒక చుట్టు లోపే తిప్పండి. ముఖం, ఛాతీ, చెయ్యి దాని ఎదురుగా ఉండకూడదు, పక్కన నిలబడి పానా పట్టాలి. గ్రీజు రాకపోతే వాల్వ్‌ను ఇంకా తిప్పొద్దు, బండిని కొంచెం ముందుకూ వెనక్కూ కదిపించండి, వచ్చేస్తుంది. అప్పటికీ రాలేదంటే అక్కడితో ఆపి తెలిసిన మెకానిక్‌ను పిలవండి. పొరపాటున గ్రీజు చర్మంలోకి దూసుకుపోతే పైకి సూది గుచ్చినంత చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండకపోవచ్చు. అది చూసి కట్టు కట్టి మళ్లీ పనిలోకి పంపకండి. వెంటనే ఆపరేషన్ అవసరమయ్యే గాయం అది, ఆలస్యమైతే వేళ్లు, చేయి పోయే ప్రమాదం ఉంది. నేరుగా కర్నూలు, కడప, అనంతపురం పెద్దాసుపత్రుల్లో దగ్గరున్న దానికి తీసుకెళ్లి "గ్రీజు ఒత్తిడితో లోపలికి పోయింది" అని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పండి. ఐడ్లర్ వెనకున్న పెద్ద స్ప్రింగ్ జోలికైతే సైట్‌లో అసలు పోవద్దు, దానికి ప్రెస్ ఉన్న వర్క్‌షాపే దిక్కు.

చైన్ ఊడితే, తెగకపోతే, పిన్ కొట్టాల్సిన పని లేదు. గట్టి నేలకు చేరే వీలుంటే చేర్చి, బండి పైభాగాన్ని చైన్‌కు అడ్డంగా తిప్పి, బకెట్ గుండ్రటి వైపు నేలకు ఆనించి ఆ వైపు లేపండి. ఫ్రేమ్ కింద మందపాటి దుంగలు పెట్టకుండా ఎవరూ దగ్గరికి పోకూడదు, బూమ్‌ను నమ్ముకుని కింద చెయ్యి పెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. గ్రీజు వదిలి, ఐడ్లర్‌ను వెనక్కి జరిపి, మట్టి తీసి, గడ్డపారతో లింకులను స్ప్రాకెట్ మీదికి ఎక్కించి, తర్వాత ఐడ్లర్ వైపు సరిచేయాలి. స్ప్రాకెట్ తిప్పే ముందు గడ్డపారలు, చేతులు అన్నీ బయట ఉన్నాయని ఆపరేటర్‌కు ఒక్కరే సైగ చేయాలి, ఇద్దరు ముగ్గురు అరిస్తే ఆయన ఎవరి మాట వినాలి?

పూర్తిగా మార్చేటప్పుడు మొదట ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసుకోండి: లింకుల దిశ, ప్లేట్ల దిశ. తర్వాత మాస్టర్ పిన్ వెతకండి, మిగతా పిన్నుల కంటే దాని చివర వేరుగా ఉంటుంది, గుంటో గుర్తో కనిపిస్తుంది. దాన్ని ముందరి ఐడ్లర్ దగ్గరికి తెచ్చి, ప్లేటు కింద దుంగ పెట్టి, గ్రీజు వదిలి పిన్ తీయాలి. పోర్టబుల్ పిన్ ప్రెస్ అద్దెకు దొరికితే అదే తెప్పించండి. సమ్మెటతోనే చేయాల్సి వస్తే పిన్‌కు ఆనించే ఇనుప ముక్కను పొడవాటి పిడితో పట్టుకోవాలి, కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే గట్టి ఇనుము మీద దెబ్బ పడితే పెచ్చు లేచి కంట్లో పడుతుంది. గ్యాస్ పెట్టి లింకును ఎర్రగా కాల్చే పని వద్దు, దానికున్న గట్టిదనం పోతుంది, సీళ్లు మాడిపోతాయి.

పిన్ వచ్చాక బండిని నిదానంగా రివర్స్ చేస్తే పైచైన్ వెనక్కి జారి నేల మీద పరుచుకుంటుంది. చైన్ దారిలో మనిషి ఉండకూడదు. ఆ వైపు లేపి, దుంగలు పెట్టి, పాతది లాగేసి కొత్తది అదే దిశలో పరచండి. రోలర్లలో ఆయిల్ కారుతున్నదీ, తిరగనిదీ ఉంటే మార్చే సమయం ఇదే, మళ్లీ చైన్ తీయాల్సిన పని ఉండదు. వెనక కొసను స్ప్రాకెట్ మీదికి ఎక్కించి, ముందుకు తిప్పుతూ, తాడుతో టాప్ రోలర్ల మీదుగా ఐడ్లర్ దాకా తెచ్చి, కొత్త సీళ్లతో మాస్టర్ పిన్ ఎక్కించాలి.

ప్లేట్లు మారిస్తే బోల్టులూ కొత్తవే వేయండి. లింకు మీద తుప్పు, పెయింటు, మట్టి గీకకపోతే ఎంత బిగించినా రెండ్రోజుల్లో వదులవుతాయి. చాలా బండ్లకు ముందు మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించి, తర్వాత ఇంకో 120 డిగ్రీలు తిప్పాలి, అంటే మూడో వంతు చుట్టు. అరిగిన ప్లేటు గట్టుకు కడ్డీ వెల్డ్ చేయడం క్వారీల్లో మామూలే, చేయొచ్చు, కానీ 7018 రకం వెల్డింగ్ రాడ్లు ఆరబెట్టినవే వాడాలి, బ్యాటరీ వైర్లు తీసేయాలి, ఎర్త్ క్లాంప్ వెల్డ్ చేసే ప్లేటుకే పెట్టాలి. క్లాంప్ ఎక్కడో బకెట్‌కు పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడు చేస్తుంది. ప్లేటు పగిలి ఉంటే మాత్రం అతుకు వద్దు, మార్చండి.

కొత్త చైన్‌తో మొదటి రోజు పని అయ్యాక టెన్షన్ మళ్లీ చూసి, ప్లేటు బోల్టులు ఒక్కొక్కటీ పానాతో పట్టి చూడండి, వారం తర్వాత ఇంకోసారి. పక్క ఊరి సైట్‌కు పోవాలంటే నడిపించుకుంటూ పోకుండా ట్రైలర్ మాట్లాడండి. సైట్‌లో కదిలేటప్పుడు కూడా స్ప్రాకెట్ వెనక ఉండేలా ముందుకే నడపమని ఆపరేటర్ అన్నకు చెప్పండి, ఎక్కువ దూరం రివర్స్‌లో పోతే బుష్షులు తొందరగా అరుగుతాయి.