సైట్ సర్టిఫికెట్ సరిగా లేదని బ్రౌజర్ ఆపేస్తే ఏం చేయాలి?

సైట్ తెరవబోతే ఎర్ర త్రికోణం, కింద 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్'. మనలో చాలామంది 'అడ్వాన్స్‌డ్' నొక్కి, ఆ వెంటనే 'ప్రొసీడ్' నొక్కి లోపలికి దూరిపోతాం. ఈసారి అర నిమిషం ఆగండి. జబ్బేమిటో చాలాసార్లు ఆ పేజీలోనే రాసి ఉంటుంది.

ముందు గడియారం చూడండి. సర్టిఫికెట్ అంటే ఈ సైట్ అసలైనదేనని చెప్పే డిజిటల్ గుర్తింపు పత్రం. ప్రతి సర్టిఫికెట్‌కీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. దాన్ని బ్రౌజర్ మీ కంప్యూటర్ తేదీతోనే సరిచూసుకుంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గూగుల్ కూడా తెరుచుకోవట్లేదని మా బాబాయి ఫోన్ చేసేవాడు. వెళ్లి చూస్తే పాత డెస్క్‌టాప్ మూలన 2009 జనవరి 1 అని ఉంది! మదర్‌బోర్డు మీదుండే రూపాయి బిళ్లంత సెల్, సిఆర్2032, అయిపోయింది. అది మార్చి తేదీ దిద్దితే అన్నీ తెరుచుకున్నాయి. ఫోన్‌లో అయితే ఆటోమేటిక్ తేదీ, సమయం ఆన్ చేస్తే చాలు.

తేదీ సరిగానే ఉంటే వైఫై ఆపి, మొబైల్ డేటాతో అదే సైట్ తెరవండి. తెరుచుకుందా? అయితే తేడా ఆ వైఫైలోనే ఉంది. రైల్వే స్టేషన్లలో, హోటళ్లలో లాగిన్ పూర్తికాకముందు ఇలా జరగడం మామూలే.

డేటాతోనూ రాకపోతే ఎర్రర్ కోడ్ చదవండి. 'డేట్ ఇన్‌వాలిడ్' అంటే సైట్ వాళ్లు రెన్యూవల్ మరిచిపోయి ఉంటారు, ఒకటి రెండు రోజులాగి చూడండి. 'కామన్ నేమ్ ఇన్‌వాలిడ్' అంటే సర్టిఫికెట్ ఇంకో పేరు మీద ఉందని. అడ్రస్‌లో అక్షరం తప్పు కొట్టారేమో చూసుకోండి.

భయపడాల్సింది 'అథారిటీ ఇన్‌వాలిడ్'కి. ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి జారీ చేసిందెవరో బ్రౌజర్‌కి తెలియదని దీని అర్థం. మధ్యలో ఎవరో కూర్చుని మీ మాటలు వింటూ ఉండొచ్చు. పరికరం మరీ పాతదైనా ఇలాంటి హెచ్చరికే కనబడొచ్చు: 2021 సెప్టెంబరు 30న సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆధారపడిన పాత రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి మూలమైనది) గడువు తీరినప్పుడు, అప్‌డేట్లు లేని కంప్యూటర్లలో మంచి సైట్లూ ఆగిపోయాయి. అందుకే సిస్టమ్‌నీ బ్రౌజర్‌నీ అప్‌డేట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. ఇంట్లో రౌటర్ సెట్టింగుల కోసం 192.168.1.1 తెరిచినప్పుడు వచ్చే హెచ్చరిక వేరు. అక్కడ రౌటర్ తన సంతకం తానే పెట్టుకుంటుంది, ఆ నంబరు మీరే కొట్టి ఉంటే ముందుకెళ్లొచ్చు.

ఈ సర్టిఫికెట్ ఇన్‌స్టాల్ చేసుకుంటే హెచ్చరిక పోతుందని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. రూట్ సర్టిఫికెట్ పెట్టుకోవడమంటే ఇంటి తాళాల గుత్తి ఇచ్చేయడమే. 2014 జూలైలో మన కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసి ద్వారా గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు గూగుల్ బయటపెట్టింది. గుర్తింపు ఉన్నచోటే అలా జరిగితే, ముక్కూమొహం తెలియనివాళ్ల మాటేం చెప్పాలి?

కొన్ని సైట్లలో 'ప్రొసీడ్' బటనే రాదు. కచ్చితంగా సురక్షిత కనెక్షనే కావాలని ఆ సైటే బ్రౌజర్‌కి ముందుగా చెప్పి ఉంచుతుంది, దాన్ని దాటే దారులు వెతక్కండి. బ్యాంకు పని అర్జెంటైతే పాస్‌బుక్ మీదున్న నంబరుకి ఫోన్ చేయండి, ఆ పేజీలో కనిపించే నంబరుకి కాదు.