కాలిలో ఒక్క నరం దెబ్బతింటే: లక్షణం నుంచి కోడ్ దాకా

సమస్య: పాదం పైకి లేవడం లేదు

చార్టులో ఫుట్ డ్రాప్ (పాదం పైకి లేవక వేలాడటం) అన్న మాట తప్ప ఇంకేమీ లేకపోతే, డాక్టర్ నోట్ చూసి జబ్బుకు బిల్లింగ్ కోడ్ వేసే మెడికల్ కోడర్‌కు టెన్షనే. అది లక్షణం, జబ్బు పేరు కాదు. మోకాలి బయటివైపు ఫిబులా ఎముక తల దగ్గర కామన్ పెరోనియల్ నరం నొక్కుకుపోయి ఉండొచ్చు, లేదా నడుములో ఎల్5 (ఐదో నడుము) నరం మూలం దెబ్బతిని ఉండొచ్చు.

తేడా చాలావరకు చేత్తోనే తెలుస్తుంది. వేలాడే పాదాన్ని మనమే లంబంగా పట్టుకుని, లోపలివైపు తిప్పమనాలి. అలా లోపలికి తిప్పే కండరానికి ప్రధానంగా ఎల్5 నుంచే సంకేతం వస్తుంది, కానీ టిబియల్ నరం గుండా. తిప్పే బలం బాగుంటే లోపం పెరోనియల్‌లో ఉన్నట్టే. అదీ తగ్గితే ఎల్5నో, తొడ వెనక నుంచి దిగే పెద్ద నరమైన సయాటిక్‌నో చూడాలి. కాలిని తుంటి దగ్గర పక్కకు చాపే బలం కూడా తగ్గితే నడుము మీదే అనుమానం. మడమ రిఫ్లెక్స్ తగ్గి, మోకాలు మడవడం కష్టమైతే సయాటిక్. ఈ పరీక్ష చేసి కూడా నోట్‌లో రాయకపోవడమే నాకు బాధగా అనిపించే విషయం.

పరిష్కారం: ముందు ఒత్తిడి తీసేయాలి. కాలు మీద కాలు వేసుకోవడం, గంటలకొద్దీ గొంతుక్కూర్చోవడం, బిగుతైన కట్టు, ఈ మధ్య బాగా బరువు తగ్గడం గురించి అడగాలి. నరాల కండక్షన్ పరీక్షలో ఫిబులా తల దగ్గర బ్లాక్ (సంకేతం ఆగిపోవడం) కనిపిస్తే చోటు ఖాయం. కండరంలో సూది పెట్టి విద్యుత్ సంకేతాలు చూసే ఈఎంజీలో మార్పులు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, తొందరపడి చేస్తే నార్మల్ అని మోసపోతాం.

అమెరికా బిల్లింగ్‌లో వాడే జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎంలో పెరోనియల్ నరం లోపం కుడికాలిలో అయితే జి57.31, ఎడమైతే జి57.32, రెండూ అయితే జి57.33. తాజా గాయమైతే జి57 వాడకూడదు, ఎస్84.1 కిందికి వెళ్లాలి. టైప్ 2 షుగర్ వల్ల వచ్చిన ఒంటినరం జబ్బుకు ఇ11.41. ఔట్‌పేషెంట్ నోట్‌లో పెరోనియల్ కావచ్చు అని మాత్రమే ఉంటే దాన్ని కోడ్ చేయకూడదు. అప్పుడు లక్షణాన్నే, అంటే కుడి ఫుట్ డ్రాప్‌కు ఎం21.371.

సమస్య: తొడ బయటివైపు మంట, తిమ్మిరి

బలం, మోకాలి రిఫ్లెక్స్ రెండూ బాగుంటే మెరాల్జియా పారెస్థెటికా (తొడ బయటివైపు చర్మానికి వెళ్లే నరం నొక్కుకుపోవడం), జి57.1. బెల్టు వదులు చేసి, బరువు సంగతి చూడాలి. మోకాలు చాపలేకపోయినా, రిఫ్లెక్స్ తగ్గినా ఈ కోడ్ వేయొద్దు. ఫిమోరల్ నరాన్ని (తొడ ముందువైపు నరం), నడుమునీ పరీక్షించాలి.

సమస్య: అరికాలిలో మంట

లోపలి చీలమండ వెనక తట్టినప్పుడు అరికాలిలోకి జివ్వుమంటే టార్సల్ టనెల్ (చీలమండ దగ్గర టిబియల్ నరం నొక్కుకుపోవడం), జి57.5. నొప్పి మూడు, నాలుగు వేళ్ల మధ్యే ఉంటే మార్టన్ న్యూరోమా (వేళ్ల మధ్య నరం ఉబ్బడం), జి57.6. రెండు పాదాల్లోనూ ఒకేలా ఉంటే బహునరాల జబ్బు ఉందేమో ముందు చూడాలి.

సమస్య: నోట్‌లో నరం పేరే లేదు

జి57.9 (ఏ నరమో చెప్పని కాలి నరం జబ్బు) వేసి వదిలేయకుండా డాక్టర్‌కు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపండి: ఏ నరం, ఏ కాలు, కారణం ఏమిటి? జవాబును మీరే సూచించకండి.