హెడ్‌ఫోన్ మరమ్మతు – 4వ పాఠం: గొంతు మాయమైన పాట

ఈసారి ఇయర్ ప్యాడ్లు మార్చడం చెప్తానన్నాను. అది వచ్చే పాఠంలో చూద్దాం. పోయినసారి చెప్పినట్టు జాక్ (ఫోన్‌లోకి దూర్చే పిన్ను) మార్చుకున్నవాళ్లలో చాలామంది ఒకటే రాశారు: "మ్యూజిక్ వస్తోంది, పాడేవాళ్ల గొంతు రావట్లేదు." డ్రైవర్లు (కప్పుల్లో శబ్దం చేసే చిన్న స్పీకర్లు) పోయాయనుకుని హెడ్‌ఫోన్‌నే పారేయబోయిన వాళ్లూ ఉన్నారు. దయచేసి పారేయకండి. డ్రైవర్లకు ఏమీ కాలేదు. గ్రౌండ్ తీగ అతకలేదు, అంతే.

జాక్ కొన ఎడమకి, మధ్య రింగు కుడికి, స్లీవ్ (వైరు వైపు ఉండే చివరి భాగం) గ్రౌండ్‌కి అని చెప్పుకున్నాం. రెండు వైపుల కరెంటూ తిరిగి వెళ్లే దారి గ్రౌండే. అది తెగితే రెండు డ్రైవర్లూ ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో పడతాయి. అప్పుడు ఎడమకీ కుడికీ మధ్య ఉన్న తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతు మామూలుగా రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి రద్దయిపోతుంది. 1950ల నాటి ఘంటసాల పాట ఒకటి, మోనోలోనే (రెండు వైపులా ఒకే శబ్దంతో) ఉన్న కాపీ పెట్టి చూడండి. గ్రౌండ్ తెగి ఉంటే దాదాపు ఏమీ వినపడదు. మల్టీమీటర్ తీయకముందు నేను చేసే పరీక్ష ఇదే.

ఆ తర్వాత మీటర్. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 అయితే ఒక్కో వైపు నిరోధం 300 ఓమ్‌లకు దగ్గరగా చూపాలి. కొనకీ స్లీవ్‌కీ మధ్య ఏమీ చూపకుండా, కొనకీ రింగుకీ మధ్య 600 దాకా చూపిస్తే తెగింది గ్రౌండే. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి అది 64 అవుతుంది. సోనీ ఎండీఆర్-7506కి 126 దాకా వస్తుంది.

ఇక అసలు చిక్కు. "రాగి తీగే కదా, మెలిపెట్టి టేపు చుట్టాను" అని రాసినవాళ్లందరికీ చెప్తున్నాను: అది ఉత్త రాగి కాదు. చాలా హెడ్‌ఫోన్ వైర్లలో వెంట్రుకల్లాంటి పోగుల మీద లక్క పూత ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ రంగులు ఆ పూతవే. బంగారు రంగులో మెరిసే గ్రౌండ్ పోగుల మీద కూడా పూత ఉంటుంది, అది కంటికి కనపడదు. అందుకే అందరూ గ్రౌండ్ దగ్గరే మోసపోయారు. పూత కరెంటును ఆపుతుంది. ఎంత మెలిపెట్టినా ఆపుతుంది. టంకం పైన ఉండలా కూర్చున్నా లోపల ఆపుతూనే ఉంటుంది.

బ్లేడుతో గీకకండి, పోగులు తెగుతాయి. లైటర్ పెడితే రాగి నల్లబడి పెళుసవుతుంది. నేను టంకం పెట్టే ఐరన్‌ని 380 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి, మొన మీద పెద్ద టంకం బొట్టు కరిగించి, తీగ కొనను అందులో ముంచి నాలుగైదు సెకన్లు ఉంచుతాను. పూత పొగలా పోతుంది (కిటికీ తెరవండి, ఆ పొగ మంచిది కాదు). నల్ల మడ్డి తుడిచి, రోసిన్ (టంకం బాగా అంటుకోవడానికి వాడే జిగురు) అద్ది మళ్లీ ముంచితే కొన వెండిలా మెరుస్తుంది. మెరవకపోతే ఇంకోసారి. పోగుల మధ్య నైలాన్ దారాలుంటే ముందే కత్తిరించండి, కరిగి అడ్డుపడతాయి.

మైక్ లేని వైరులో నాలుగు తీగలుంటే వాటిలో రెండు గ్రౌండ్‌లు. రెండూ కలిపి స్లీవ్‌కే. ఒకటి వదిలేస్తే ఆ వైపు మూగబోతుంది. రంగులను మాత్రం నమ్మకండి, మీటర్‌నే నమ్మండి.

అసలు నేను ఊడదీసే వైరున్న హెడ్‌ఫోన్లే కొంటాను. హెచ్‌డీ 600 వైరు రెండు కప్పుల దగ్గరా ఊడొస్తుంది కాబట్టి ఈ పని అంతా తప్పుతుంది. డ్రైవర్ పోవడం అరుదు. ముందు పోయేవి వైరు, ప్యాడ్లు. అవి మార్చుకోగలిగితే ఆ హెడ్‌ఫోన్ 20 ఏళ్లు వాడుకోవచ్చు.

అభ్యాసం: పాడైన ఇయర్‌ఫోన్ వైరును 10 ముక్కలు చేయండి. ప్రతి ముక్కలో ప్రతి తీగకూ రెండు కొనలూ టంకంలో ముంచి, మీటర్‌ని కంటిన్యూటీలో (తీగ కలిసి ఉంటే బీప్ అనే సెట్టింగ్) పెట్టి చూడండి. అన్నీ బీప్ అనాలి. ఒక్కటి అనకపోయినా మరో 10 ముక్కలతో మొదటి నుంచి చేయండి. అది అయ్యాకే మీ మంచి హెడ్‌ఫోన్ మీద ఐరన్ పెట్టండి.